ఆకలి లేని శుక్రవారాలు

మా వదిన తన ఒంట్లో బరువంతా మా మనవరాలికి పోసిందని మా సంఘంలో చెప్పుకుంటారు. జగ్గయ్యపేటలో ఏ కూడికకి వెళ్ళినా ఈ కథ వినిపిస్తుంది. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది, అరచేతిలో పట్టేంత ఉంది, వదిన ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేసింది, ఇక్కడ ఈమె తరుగుతుంటే అక్కడ ఆ పిల్ల పెరిగింది. చివర్లో నా ప్రస్తావన కూడా వస్తుంది. ఇంత మేలు జరిగాక ఆ ఆడపడుచు, అదీ నర్సింగు చదివిన మనిషి, ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర నానా గొడవ చేసి ఆపరేషన్ ఆపించిందంట.

నేను ఆపించలేదు. గొడవ చేశాను, నిజమే. గొడవ పడకుండా నేను బస్సులో కిటికీ పక్క సీటు కూడా సంపాదించలేను. కానీ ఆపింది నేను కాదు. ఇక బరువు సంగతి. పిల్ల బరువు పాల వల్ల వచ్చింది, వదిన బరువు ఇంకోదాని వల్ల పోయింది. ఈ రెండింటికీ మధ్య గొట్టం వేసింది మా పాస్టరమ్మగారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెవిన పడ్డ కథ బాగుంటే దాన్ని ఆదివారం దాకా మోసుకెళ్ళకుండా ఉండలేరు, అంతే.

నేను నందిగామలో ఒక నర్సింగు స్కూల్లో మందుల పాఠం చెబుతాను. పొట్టకి సంబంధించిన మందులు మొదలుపెట్టే రోజు మా పిల్లల్ని ముందుగా ఒకటే అడుగుతాను, మీ ఇంట్లో గ్యాస్ ఎవరికుందని. క్లాసంతా చేతులెత్తుతుంది. మా వైపు పొట్టకి ఒకటే జబ్బు. అరగకపోతే గ్యాస్, ఆకలెక్కువైతే గ్యాస్, గుండె పట్టేసినా గ్యాసే. ఆ గ్యాస్ బిళ్ళ పరగడుపున, తిండికి ముందు వేసుకోవాలంటే, "పరగడుపునే వేసుకుంటున్నామండీ, టీ తాగి" అంటారు. టీ మా వాళ్ళ లెక్కలో కడుపులోకి వెళ్ళినట్టు కాదు. అందుకని మందుల పేర్లకన్నా ముందు మా పిల్లలకి అడగడం నేర్పుతాను. మందులేమైనా వాడుతున్నారా అంటే జనం బిళ్ళల పేర్లే చెబుతారు. పొడులు, చుక్కలు, సూదులు, పక్కింటావిడ ఇచ్చింది, ఫోనులో చూసి తెప్పించుకుంది, ఇవన్నీ విడివిడిగా అడగాలి.

ఈమధ్య ఆ పాఠంలో ఒక కొత్త మందు చేరింది. వారానికొకసారి పొట్ట మీద చర్మం కింద పొడుచుకునే సూది. షుగరు కోసం వచ్చి బరువు దగ్గర స్థిరపడింది. తిన్నాక మన పేగులు తలకాయకి చాలని కబురు పంపుతాయి. ఈ మందు ఆ కబురుని తినకముందే పంపుతుంది. దానితోపాటు పొట్టలోంచి తిండి కిందికి దిగడాన్ని నెమ్మది చేస్తుంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి చూడండి, గేటు మూయలేదు, ఒక్కోదాన్నే వదులుతున్నారు, పొట్ట కూడా అలాగే అవుతుందని మా పిల్లలకి చెబుతాను. వికారం, త్రేన్పులు, మలబద్ధకం అందులోంచి వచ్చేవే. ఒళ్ళు గబగబా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు కూడా రావచ్చు. ఇంత తెలిసినదానివి, సొంత వదిన సంగతి కనిపెట్టలేకపోయావా అని మీకు అనిపిస్తుంది. అనుమానం వచ్చింది. ఎందుకు తినట్లేదని అడిగాను కూడా. "గ్యాస్ అమ్మాయ్" అంది.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య. జగ్గయ్యపేటలో ఇల్లు, పక్క ఊరి బళ్ళో టీచరు ఉద్యోగం. ఆవిడ తింటుంటే చూసేవాళ్ళకి ఆకలి వేస్తుంది. చేపల పులుసు వండిన రోజు అన్నం కలుపుతూ కళ్ళు మూసుకునేది. ఎవరైనా ఒళ్ళు తగ్గించమంటే, "నా ఒళ్ళు నేనే మోస్తున్నాగా, నీ నెత్తినేమన్నా పెట్టానా?" అనేది. షుగరొచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి, తిండి మీద ఇష్టం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. అలాంటి మనిషి శుక్రవారం ముద్ద ముట్టనని తీర్మానం చేసుకుంది.

అది విజయవాడ ఆసుపత్రిలో జరిగింది. మా అమ్మాయికి ఏడో నెల దాటీ దాటకుండానే కాన్పయింది. పిల్లని అద్దాల పెట్టెలో పెట్టారు. దానికి చప్పరించే బలం కూడా లేదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, గడియారం చూసుకుంటూ సిరంజితో కాసిని కాసిని పాలు పట్టేవాళ్ళు. నేను వృత్తి కొద్దీ గొట్టం చూసేదాన్ని. వదిన పిల్లని చూసేది.

"ఇది నడిచేదాకా శుక్రవారం నోట్లో ముద్ద పెట్టను," అంది అద్దానికి నుదురు ఆనించి.

"షుగరు పెట్టుకుని ఉపవాసాలేంటి వదినా? కళ్ళు తిరిగి పడితే నీకింకో మంచం వెతకాలి."

"వెతుకు. నర్సువేగా."

"పిల్లకి కావాల్సింది పాలు. నీ ఆకలి కాదు."

"పాలు నువ్వు చూసుకో. ఆకలి నేను చూసుకుంటా."

 వదిన షుగరు డాక్టరుతో మాట్లాడి శుక్రవారం బిళ్ళలు మార్పించి ఊరుకున్నాను.

ఆ తొలి శుక్రవారాలు మా అన్నయ్య ఇంట్లో భోజనం చేయడానికి భయపడి హోటలుకి పోయేవాడు. వదిన తలకి గుడ్డ కట్టుకుని బడికెళ్ళేది. మధ్యాహ్నం విరామంలో నాకు ఫోను చేసేది.

"ఏం కూర?"

"దొండకాయ."

"వేయించావా, కూరి పెట్టావా?"

"వేయించా."

"వెల్లుల్లి కారం చల్లావా?"

"చల్లా."

"ముద్దలో నెయ్యేసుకున్నావా?"

"వేసుకున్నా వదినా. నాకు గొంతు దిగట్లేదు, పెట్టెయ్."

"నువ్వు బాగా తిను. తిని చెప్పు."

సాయంత్రం ప్రార్థనయ్యాకే పచ్చి మంచినీళ్ళతో మొదలుపెట్టి అన్నం తినేది. పిల్ల ఇంటికొచ్చింది. బరువు మాత్రం నత్తలా పెరుగుతోంది. బోర్లాపడింది, ఆలస్యంగానైనా కూర్చుంది. ఆ రోజుల్లోనే ఎప్పుడో వదిన శుక్రవారం ఫోన్లు ఆగిపోయాయి. బళ్ళో పనెక్కువై ఉంటుందనుకున్నాను.

పాస్టరమ్మగారు మాత్రం మురిసిపోతూ చెప్పేవారు. మీ వదిన శుక్రవారం బడి నుంచి తిన్నగా ప్రార్థనకొచ్చి నిటారుగా కూర్చుంటోందమ్మా, మొహంలో నీరసం లేదు, అంతా ఆయన కృప అని. జాకెట్లు వదులయ్యాయి. మెడ కింద మడత పోయింది. ఇక్కడ మా పిల్లకి బుగ్గలొచ్చాయి. పాస్టరమ్మగారు ఈ రెండూ కలిపేశారు. ఒక ఆదివారం వదినని సాక్ష్యం చెప్పమని లేపారు. సాక్ష్యమంటే దేవుడు తనకి చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పడం. వదిన లేచి, "దేవుడు మంచివాడు, పిల్ల బాగుంది," అని కూర్చుంది. మిగతాదంతా ఆవిడే పూర్తిచేశారు.

పిల్ల మా వరండాలో గోడ వదిలి నడిచిన వారమే వదిన కృతజ్ఞత కూడిక పెట్టి, పులావు వండించి, తీర్మానం ముగించింది. తను రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే కుడి డొక్కలో పోటు మొదలైంది. ఇంటిల్లిపాదీ గ్యాస్ అన్నారు. నేను లాక్కెళ్ళి స్కాను తీయిస్తే పిత్తాశయంలో రాళ్ళు. నా ఇంటికి దగ్గరని నందిగామలోనే ఆపరేషన్ పెట్టుకున్నాం.

ఆ పొద్దున అన్నయ్య కింద మందుల షాపు దగ్గర ఉన్నాడు. గదిలో వదిన, నేను, జగ్గయ్యపేట నుంచి వాళ్ళతోపాటు కార్లో వచ్చిన పాస్టరమ్మగారు. వదిన ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుంది. ముందురోజు రాత్రి పెందలాడే నాలుగు మెతుకులు తిని, ఆపైన మంచినీళ్ళు కూడా ముట్టలేదు. డాక్టర్లు చెప్పింది చెప్పినట్టు చేసింది. పాస్టరమ్మగారు వదిన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రార్థన ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి వదినకి పెద్ద త్రేన్పు వచ్చింది.

"క్షమించండమ్మగారూ," అంది నోటికి చెయ్యడ్డం పెట్టుకుని.

పక్కనే ఉన్న నాకు గోంగూర వాసన కొట్టింది.

"రాత్రి గోంగూర తిన్నావా?"

"రాత్రి పెరుగన్నమేగా. గోంగూర నిన్న మధ్యాహ్నం."

నిన్న మధ్యాహ్నం తిన్నది ఈ పొద్దున గొంతులో ఉంది. బట్టలు సర్దాలని చెప్పి పాస్టరమ్మగారిని బయట కూర్చోబెట్టి తలుపు మూశాను.

"వారం సూదా?"

వదిన గౌను ముడి సర్దుకుంది. "ఏ వారం?"

"వదినా."

"షుగరు డాక్టరే రాశాడు. దొంగసరుకేం కాదు."

"ఎప్పట్నుంచి?"

"పిల్ల కూర్చున్నప్పట్నుంచి."

"ఆఖరిది ఎప్పుడు పొడుచుకున్నావ్?"

"మొన్న గురువారం. ఎప్పుడూ గురువారమే."

"అన్నయ్యకి తెలుసా?"

"ఫ్రిజ్‌లో పచ్చిమిరపకాయల డబ్బా కింద పెడతా. మీ అన్నయ్య జన్మలో ఆ డబ్బా ఎత్తాడా?"

నాకు నవ్వొచ్చే సమయం కాదది. మత్తిచ్చాక గొంతుకి కాపలా ఉండదు. పొట్టలో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. రాత్రి నుంచి తినొద్దనేది అందుకే. వదిన పొట్ట గడియారం ప్రకారం ఖాళీ. లోపల గోంగూర ఇంకా కూర్చునే ఉంది. ఇదంతా ఆవిడకి విడమరిచి చెప్పి, మత్తు డాక్టరుకి ఇప్పుడే చెప్పాలన్నాను.

"చెప్పొద్దు."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

"చెప్పావంటే ఈ జన్మలో నీ గుమ్మం తొక్కను."

"ఈ జన్మ ఉండాలిగా తొక్కడానికి! బయట ఆవిడ కూర్చుందనా? ఒళ్ళు తగ్గింది సూదితో అని తెలిస్తే సాక్ష్యం పోతుందనా? పోనీ. మొహమాటానికి చచ్చిపోతావా?"

"సాక్ష్యం నేను చెప్పలా. ఆవిడే చెప్పుకుంది."

"మరింకేంటి నీ బాధ?"

వదిన మూసిన తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టింది.

"మొదట్లో తల పగిలిపోయేది అమ్మాయ్. కడుపులో మంట. ఇదిగో ఇది తీసుకో, పిల్లని చూడు అని దేవుడికి ఇచ్చేదాన్ని. సూది మొదలెట్టాక ఇవ్వడానికేం లేకుండా పోయింది. శుక్రవారమూ మంగళవారమూ ఒకటే అయిపోయాయి. ఆకలి వెయ్యలా. ఊరికే కూర్చున్నా. ఊరికే కూర్చుని ఉపవాసమని చెప్పుకున్నా. పిల్లేమో నడిచింది. ఇప్పుడు నోరు తెరిచి, అవన్నీ ఉత్తుత్తి ఉపవాసాలని చెప్తే..."

"చెప్తే?"

"ఇచ్చింది తిరిగి అడుగుతాడేమో."

 బళ్ళో పాతికేళ్ళుగా సైన్సు చెప్పే మనిషి, గురువారం సూది పొడుచుకుని ఇన్ని నెలలు ఈ భయాన్ని పచ్చిమిరపకాయల కింద దాచుకుంది. నేనేమో నడుం సన్నబడిందని ఏడిపిస్తూ వచ్చాను. మంచం మీద పక్కనే కూర్చున్నాను.

"గొట్టంలోంచి పాలు పట్టేవాళ్ళు గుర్తుందా?"

"ఎందుకు లేదు?"

"పిల్ల ఆకలేసి ఏడ్చిందని పట్టారా? ఏడవడానికే దానికి ఓపిక లేదు. గడియారం చూసి పట్టారు. ఆకలి లేకుండా తాగిన పాలు ఒంటికి పట్టలేదా? నీ శుక్రవారాలూ అంతే."

బాగా చెప్పాననుకున్నాను. వదిన తల అడ్డంగా ఊపింది.

"అది వేరు."

"ఏం వేరు?"

"అది తీసుకోవడం. ఇది ఇవ్వడం."

 

అంతలో తలుపు తీసుకుని మత్తు డాక్టరు వచ్చింది. చిన్నవయసు, నెమ్మదైన మనిషి. ఆ అమ్మాయి వెనకే పాస్టరమ్మగారు కూడా లోపలికొచ్చి కిటికీ పక్కన నిలబడ్డారు.

"రాత్రి నుంచి ఏమైనా తిన్నారామ్మా?"

"లేదండి."

"మందులేం వాడుతున్నారు?"

"బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, గ్యాస్ బిళ్ళ."

నేను నోరు తెరిచాను. వదిన నా చీర కొంగు పట్టి కిందికి లాగింది. ఆవిడ వద్దన్నా, గుమ్మం తొక్కకపోయినా, డాక్టరు గది దాటేలోపు చెప్పేయాలని లేచి నిలబడ్డాను. నా కొంగు ఇంకా ఆవిడ పిడికిట్లోనే ఉంది.

"డాక్టరమ్మా," అంది వదిన. "ఇంకోటుంది."

"చెప్పండమ్మా."

"వారానికో సూది పొడుచుకుంటున్నా. షుగరుకి, ఒళ్ళు తగ్గడానికి. నిన్న మధ్యాహ్నం తిన్నది ఇంకా పైకొస్తోంది. నా పొట్ట ఖాళీగా లేదమ్మా." అక్కడ ఆగి, కిటికీ వైపు తిరిగింది. "ఆ సూదితో నాకు ఆకలి వెయ్యదు. చాలా శుక్రవారాల్నుంచి వెయ్యలా."

"శుక్రవారమే ఎందుకండీ?" అంది ఆ అమ్మాయి అమాయకంగా.

 జవాబు కోసం ఆగకుండానే, "చెప్పి మంచిపని చేశారమ్మా," అని వదిన భుజం తట్టి, స్కాను మిషను తెప్పించింది. పొట్ట మీద పెట్టి చూస్తే లోపల గట్టి తిండి ఇంకా ఉంది. పోటు తగ్గి ఉంది కాబట్టి తొందరలేదని, సూది ఆపి, కొన్నాళ్ళాగి, ముందురోజు పల్చటివే తాగి రమ్మని చెప్పింది. ఆపరేషన్ ఆగింది అలాగ. ఆపింది వదిన.

నేను గొడవ చేసింది ఆ తర్వాత. మెట్లెక్కి వచ్చిన అన్నయ్య, "సెలవు పెట్టుకుని ఇంత దూరం వచ్చాక వాయిదాలేంటి?" అని నసిగాడు. అప్పుడు వరండాలో నిలబడి ఆయన్ని కడిగేశాను, ఫ్రిజ్‌లో డబ్బా ఎత్తి చూడని మగాళ్ళందర్నీ కలిపి. ఆ అరుపులు కిందిదాకా వినబడ్డాయి. అందుకని కథలో నేను మిగిలిపోయాను.

నేను తిరిగి గదిలోకి వచ్చేసరికి పాస్టరమ్మగారు వదిన పక్కన మంచం మీద కూర్చుని ఉన్నారు.

"సూది కూడా ఆయన ఇచ్చిందేనమ్మా," అంటున్నారు.

"ఆయనేమిచ్చాడో నాకు తెలుసండి. నేనేమిచ్చానో అనే నా బాధ."

 పాస్టరమ్మగారు ఆపరేషన్ కోసం గట్టిగా బిగించిన వదిన జడ విప్పి, వేళ్ళతో చిక్కు తీసి, మళ్ళీ వదులుగా అల్లారు. ఎన్ని చెప్పినా ఆ ఒక్క పనికి ఆవిడంటే నాకు ఇష్టం. తర్వాతి ఆదివారం కథ మాత్రం మార్చలేదు, నన్ను చేర్చారు.

అక్కణ్ణుంచి వదిన తిన్నగా మా ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కోకుండానే పిల్లేదని అడిగింది. నిద్రపోతున్న పిల్లని ఒళ్ళో వేసుకుని, మధ్యమధ్యలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చుంది. మా అమ్మాయికి ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి పిల్ల లేచి, కిందికి జారి, ఎవర్నీ పట్టుకోకుండా గుమ్మం దాకా నడిచి, వదిన చెప్పు తీసి నోట్లో పెట్టుకుంది. వదిన అంత గట్టిగా నవ్వడం చాలాకాలానికి విన్నాను. నవ్వుతూనే కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆపరేషన్ తర్వాత సజావుగా జరిగింది. సూది ఆపిన రోజుల్లో ఆకలి తిరిగొచ్చింది. వదిన మళ్ళీ కళ్ళు మూసుకుని అన్నం కలిపింది, షుగరు కూడా పైకెక్కింది. ఒళ్ళు కుదుటపడ్డాక డాక్టరు తక్కువ మోతాదుతో సూది మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి అన్నయ్యే తెచ్చి, ఫ్రిజ్‌లో అందరికీ కనబడేలా పెట్టాడు. మొదలుపెట్టేముందు వదిన నాకు ఫోను చేసింది.

"నువ్వు పాఠం చెప్తావుగా, ఒకటి అడుగుతా. ఈ మందు వారమంతా ఒకేలా ఉంటుందా ఒంట్లో?"

"ఇంచుమించు. పొడుచుకున్నాక ఒకట్రెండు రోజులు ఎక్కువుంటుంది. మళ్ళీ పొడుచుకునే ముందు కాస్త తగ్గుతుంది. పెద్ద తేడా ఏం ఉండదు."

"కాస్తయినా తగ్గుతుందిగా?"

"తగ్గుతుంది. ఎందుకు?"

"ఆ పూట ఆకలి కొద్దిగా తెలుస్తుందా?"

"తెలియొచ్చు వదినా. ఒక్కొక్కరికి ఒక్కోలా."

"అయితే శనివారం పొడుచుకుంటా. డాక్టర్ని అడిగాలే, ఏ రోజైనా ఒకటే అన్నాడు."

ఫోను పెట్టేశాక వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నాను. శనివారం పొడుచుకుంటే, మందు అన్నిటికన్నా తగ్గే రోజు శుక్రవారం. మందుల పాఠం ఎంతమందికో చెప్పాను, దాన్ని ఇలా వాడుకున్నవాళ్ళని చూడలేదు. వెంటనే తిరిగి ఫోను చేశాను.

"నీ తీర్మానం అయిపోయిందిగా?"

"అది పిల్లది. అయిపోయింది."

"మరి ఇదెవరిది?"

"నీకు క్లాసు టైమవలేదా?"

అప్పట్నుంచి అడుగుతూనే ఉన్నాను. పోట్లాడి అడిగాను, బతిమాలి అడిగాను, అన్నయ్య చేత అడిగించాను. పిల్ల ఇల్లు పీకి పందిరేస్తోంది. మా అమ్మాయి బాగుంది, అన్నయ్య బీపీ అదుపులో ఉంది, నా ఒంట్లో నాకు తెలిసిన జబ్బేమీ లేదు. శుక్రవారం సాయంత్రం మందిరంలో ఆవిడ మళ్ళీ తలకి గుడ్డ కట్టుకుని కూర్చుంటోంది, అప్పటికే మొహం వాడి ఉంటోంది, ఆ వాడిన మొహంతోనే ఎంతో తృప్తిగా ఉంటోంది. వారం మొత్తం మీద నీకు మిగిలే ఆ కాసింత ఆకలి ఎవరికోసం ఇస్తున్నావు వదినా?